అల్లుడి కొలత

ఆ వీధిలో ఆమెను సీట్లమ్మ అని పిలిచేవారు. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. బస్సు డిపో గోడకు ఎదురుగా, సైకిళ్ళు బాగుచేసే దుకాణానికీ బ్యాటరీలు చార్జి చేసే గదికీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గదిలో ఆమె వాహనాల సీట్లు కుట్టేది. లోపలికి అడుగుపెడితే ముందు రెక్సిన్ వాసన తగిలేది, ఆ తరవాత జిగురు వాసన. ఫోము కోసినప్పుడు రాలిన పసుపుపచ్చని పొడి కుట్టుమిషను మీదా, కిటికీ ఊచల మీదా, ఆమె కళ్ళద్దాల అంచుల మీదా సన్నగా పేరుకుని ఉండేది. వంకర సూదులన్నీ ఒక తగరపు డబ్బాలో ఉండేవి. ఆ డబ్బా జోలికి కన్నకూతురు కూడా వెళ్ళేది కాదు.

ఎవరు గుమ్మంలోకి వచ్చినా ఆమె చూపు ముందు మొహం మీద కాక నడుము మీద పడేది. ఏ బస్సు డ్రైవరు ఎటు ఒరిగి కూర్చుంటాడో, ఎవరి సీటు ఏ పక్క తొందరగా కుంగుతుందో ఆమెకు తెలుసు. "ఆవిడకి మన వీపులే గుర్తు. మొహం చూపిస్తే ఎవరు నువ్వంటుంది" అని డిపోలో నవ్వుకునేవారు.

వయసులో ఉన్నప్పుడు ఆమె ఒక పెద్ద కర్మాగారంలో, బస్సు సీట్లకు రెక్సిన్ కత్తిరించే బల్ల దగ్గర పనిచేసింది. అక్కడే ఇనుప చట్రాలు వెల్డింగు చేసే మనిషిని పెళ్ళిచేసుకుంది. ఇద్దరూ కలిసి ఈ గది తీసుకున్నారు. చట్రం అతనిది, మెత్త ఆమెది. ఊపిరితిత్తుల జబ్బుతో అతను పోయాక చట్రాలు బయట చేయించుకుని మెత్తపని మాత్రం తనే చూసుకుంటూ వచ్చింది. మనిషి పోయిన దుఃఖం గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. బయటివాళ్ళు చేసిన చట్రాల గురించి మాత్రం చాలా మాట్లాడింది.

కూతురు డిపోలో టికెట్ల కౌంటరు దగ్గర కూర్చునేది. గేరుబాక్సులు బాగుచేసే ఒక మెకానిక్కు, చిరిగిన సీటు ఒకటి భుజాన వేసుకుని ఈ గదికి వచ్చి, ఆ సీటు తయారయ్యాక కూడా రావడం మానలేదు. అతనే అల్లుడయ్యాడు. నెమ్మదస్తుడు, పనిమంతుడు. ఒక్క లోపమల్లా, సెలవు దొరికితే ఊరి బయట రేసు ట్రాకు మీద ఎవరో ఒకరి కారు అడిగి తీసుకుని తిరిగేవాడు.

"అంత జోరుగా తోలి ఎక్కడికి పోతారే? బయల్దేరిన చోటికే గదా!" అని సీట్లమ్మ కూతురితో అనేది. అల్లుడితో అనలేదు. అల్లుడితో ఆమె అనేవి మూడు నాలుగు మాటలే. అతను ఆమెతో అనేవి అంతకన్నా తక్కువ. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గౌరవం మెండు. గౌరవం ఎక్కువైన చోట మాటలకు జాగా ఉండదు.

ఆ ట్రాకు మీద ఏటా ఒకసారి స్పోర్ట్స్ కార్ల సుదూర పందెం జరిగేది. పొద్దు పొడిచాక మొదలై పొద్దు కుంకే దాకా సాగే పందెం. ముందు ఎవరు దూసుకుపోయారన్నది కాదు, సాయంత్రానికి ఎవరు ఎక్కువ చుట్లు తిరిగారన్నది లెక్క. కారు ఒకటే, డ్రైవర్లు ఇద్దరు. ఒకరు దిగి మరొకరు ఎక్కుతుంటారు, పెట్రోలు పోసేలోపు ఆ మార్పు ముగియాలి. ఇద్దరిలో ప్రతివారూ నిర్ణీతమైన కనీస సమయం నడిపి తీరాలి. ఒకరి వంతు ఏమాత్రం తగ్గినా ఆ కారు పేరు ఫలితాల్లో ఉండదు.

ఆ యేడు ఒక చిన్న జట్టులో డ్రైవరుకు మణికట్టు విరిగింది. గేరుబాక్సు పనికని వాళ్ళ షెడ్డుకు వెళ్ళివచ్చే అల్లుణ్ణి జట్టు మేనేజరు వేరే కారులో నాలుగు చుట్లు తిప్పి చూసి, "ఈసారికి నువ్వు ఎక్కు. బాగా తోలావా, వచ్చే యేడంతా నీదే. లేదంటే మళ్ళీ గేరుబాక్సులు విప్పుకో" అన్నాడు. అల్లుడు ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. అయితే ఒక చిక్కు ఉంది. కారులోని సీటు రెండో డ్రైవరు కొలతకు బిగించినది. అతను తాటిచెట్టంత మనిషి. అందరూ పొడుగాయన అనేవారు. అల్లుడు అందులో కూర్చుంటే కాళ్ళు పెడళ్ళకు అందవు. పొట్టివాడి ఒంటికి సరిపడా ఫోముతో ఒక అచ్చు చేసి, అతను ఎక్కేటప్పుడు దాన్ని సీటులో పడేసి, దిగేటప్పుడు లాగేయాలి.

"అమ్మా, ఆయనకి ఒక సీటు కావాలిట" అంది కూతురు, ఒక సాయంత్రం కౌంటరు నుంచి తిన్నగా వచ్చి.

"ఏ బండికి?"

"బండికి కాదే, ఆయనకి."

కూతురు అంతా చెప్పింది. సీట్లమ్మ సూది ఆపకుండా విన్నది. "ఆయనే వచ్చి అడగచ్చుగా?"

"అడిగే మనిషే అయితే నన్నెందుకు తోస్తాడు? అదుగో, బయట నిలబడ్డాడు చూడు."

సీట్లమ్మ తల వంచి చూసింది. అల్లుడు బ్యాటరీల గది ముందు నిలబడి, జన్మలో బ్యాటరీ ఎరగనట్టు వాటికేసే చూస్తున్నాడు.

"లోపలికి రమ్మను. నేనేం కరవను" అంది.

అచ్చు పోసే పని జట్టు షెడ్డులో జరిగింది. కారు సీటులో మందమైన ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో రెండు ద్రవాలు కలిపి పోస్తారు. కలిసిన వెంటనే అవి వేడెక్కి, నురగై, పొంగి, సందు దొరికిన చోటల్లా నిండి, క్రమంగా గట్టిపడతాయి. గట్టిపడే దాకా డ్రైవరు ఆ సంచి మీద కదలకుండా కూర్చోవాలి. ఆ కాసేపు అతని ఒళ్ళు ఎలా ఉందో అచ్చు అలాగే నిలుస్తుంది. బస్సు సీట్లకు ఫోము పోయడం సీట్లమ్మకు కొత్త కాదు. మనిషి మీద పోయడమే కొత్త.

అల్లుడు రేసు దుస్తులు తొడుక్కుని, బెల్టులు బిగించుకుని కూర్చున్నాడు. సీట్లమ్మ కారు తలుపు దగ్గర వంగి నిలబడి, నురగ ఎటు పొంగుతోందో చూస్తూ ఉంది.

"వేడిగా ఉందా బాబూ?"

"లేదత్తయ్యా."

"ఎక్కడైనా ఒత్తుతోందా?"

"లేదత్తయ్యా. బాగుంది."

అతను గుర్తింపుకార్డు ఫోటోకు కూర్చున్నట్టు, వెన్ను నిటారుగా, భుజాలు వెనక్కి పెట్టి, మోకాళ్ళు దగ్గరగా చేర్చి కూర్చున్నాడు. నురగ గట్టిపడింది. మర్నాడు ఆమె అంచులు కోసి, గరుకు కాగితంతో రుద్ది, జారని గుడ్డతో తొడుగు కుట్టింది. కుట్లు లోపలివైపు పడేట్టు, ఒంటికి ఒక్క దారం తగలకుండా కుట్టింది. అది చూసి మేనేజరు, "ఇది రేసు సీటా, పెళ్ళికొడుకు పీటా!" అన్నాడు. పందెం ముందురోజు జరగాల్సిన సాధన వానవల్ల మధ్యలోనే ఆగిపోయింది. ఉన్న కొద్దిసేపూ నడిపి దిగి అల్లుడు చెప్పింది ఒకే మాట: "బాగుంది."

పందెం రోజున సీట్లమ్మను కూడా రమ్మన్నారు. ఏ బెల్టు పట్టీ ఊడినా, ఏ తొడుగు చిరిగినా కుట్టడానికి మనిషి కావాలి. జట్టు గారేజీలో టైర్ల వరసకూ పనిముట్ల పెట్టెలకూ వెనకగా ఆమె తన డబ్బాతో కూర్చుంది. కూతురు సెలవు పెట్టి వచ్చి, ఎవరి కాళ్ళకూ అడ్డం పడకుండా గోడకు ఆనుకుని నిలబడింది. గారేజీ ముందు నుంచి కార్లు పోతున్నప్పుడు నేల అదిరేది. సీట్లమ్మ డబ్బాలో సూదులు సన్నగా గలగలమనేవి. ఆమె మూత పెట్టి, దానిమీద చెయ్యి ఉంచింది.

మొదట పొడుగాయన నడిపాడు. ఆ తరవాత అల్లుడు ఎక్కాడు. చాలా చుట్లదాకా మేనేజరు తెరమీది అంకెలు చూస్తూ గడ్డం నిమురుకున్నాడు. అది అతనికి సంతోషం కలిగినప్పటి అలవాటని మెకానిక్కులు చెప్పారు. తరవాత అంకెలు పెరగసాగాయి. చుట్టు చుట్టుకూ కాస్త కాస్త ఆలస్యం. పొడుగాటి దారి చివరి మలుపు దగ్గర కారు రెండుసార్లు వెడల్పుగా పోయి గడ్డి అంచు తొక్కింది.

"బ్రేకు ఆలస్యంగా తొక్కుతున్నావు. కారులో ఏమైనా లోపమా?" అన్నాడు మేనేజరు రేడియోలో.

"ఏం లేదు" అన్నాడు అల్లుడు.

వంతు ముగిసి కారు వచ్చింది. అల్లుడు దిగి, అచ్చును బయటికి లాగి పడేసి, పొడుగాయనకు బెల్టులు బిగించాడు. కారు వెళ్ళాక గారేజీలోకి వస్తూ కుడికాలు నేలమీద ఉందో లేదో చూసుకుని మరీ అడుగు వేశాడు. కూతురు ముందుకు వచ్చింది.

"కాలికేమైంది?"

"తిమ్మిరి. పోతుందిలే."

"ఎప్పట్నుంచి?"

"పోతుందన్నాగా!" అని అతను అత్తగారికేసి చూసి గొంతు తగ్గించాడు.

సీట్లమ్మ లేచి వెళ్ళి నేలమీద పడి ఉన్న అచ్చును తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుంది. తొడుగును చేత్తో తడిమింది. తొడల కింది అంచు చెమటకు తడిసి ముద్దయింది. అక్కడి గుడ్డ నలిగి, ముడతలు ఒకే దిక్కుకు లాగినట్టున్నాయి. నడుము వెనక భాగం పొడిగా, ఇస్త్రీ మడతతో సహా, నిన్న తొడిగినట్టే ఉంది. మళ్ళీ తడిమి చూసుకుంది. అంత ఎండలో, అంతసేపు నడిపిన మనిషి నడుము అక్కడ తగలనే లేదు.

అంటే అతను అందులో కూర్చోలేదు. దాని ముందరి అంచు మీద వేలాడాడు. ఆ అంచు తొడ వెనక ఒత్తింది. తొడ వెనకనుంచి పాదానికి పోయే నరం ఒకటుందనీ, అది నలిగితే అరికాలికి స్పర్శ తెలియదనీ బస్సు డ్రైవర్ల పుణ్యమా అని ఆమెకు తెలుసు. బ్రేకు తొక్కే కాలు అదే.

"అమ్మాయ్, ఇలా రా" అంది. "మీ ఆయన ఇంట్లో కుర్చీలో ఎలా కూర్చుంటాడు?"

"ఇప్పుడదెందుకే?"

"చెప్పు."

"కూర్చోడు. పారబోసినట్టు ఉంటాడు. నడుము కుర్చీ అంచుకొస్తుంది, మెడ వీపుపట్టెకి ఆనుతుంది, కాళ్ళు పక్కింటిదాకా పోతాయి. కారులోనూ అంతే. ఒకసారి పక్కన కూర్చున్నా, దారి ఎలా కనపడుతోందయ్యా అని అడిగా."

"నేనెప్పుడూ చూడలేదే?"

"నువ్వెలా చూస్తావు? నీ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడితే చాలు, కర్ర మింగినట్టు అయిపోతాడు."

సీట్లమ్మ అచ్చుకేసి చూసింది. వెన్ను నిటారుగా, భుజాలు వెనక్కి, మోకాళ్ళు దగ్గరగా. తను పోసింది డ్రైవరు అచ్చు కాదు, అల్లుడి అచ్చు. అతని ఒంట్లో ఉన్న మర్యాదనంతా కొలిచి, దానికి తొడుగు కుట్టి, జారకుండా బిగించి ఇచ్చింది. తన మాట అతను కాదనడని ఆమెకు తెలుసు, కానీ తన ఎదుట అతని వెన్నెముక కూడా అబద్ధమాడుతుందని తోచలేదు.

ఆమె అచ్చును చంకన పెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"ఇది కోయాలి. ఆ పొడుగాయన దిగేలోపు."

మేనేజరు హెడ్‌ఫోను ఒక చెవినుంచి తీశాడు. "ఇప్పుడా? ఎక్కువ కోసేస్తే?"

"కోసింది మళ్ళీ అతకడానికి కుదరదు."

"అమ్మా, మీరు నాకు ధైర్యం చెప్పడానికి వచ్చారా, భయపెట్టడానికి వచ్చారా?"

"ఉన్నమాట చెప్పడానికి. ఆయన బ్రేకు ఆలస్యంగా తొక్కడం లేదు. కాలు తెలియడం లేదు. తప్పు నా కొలతది, ఆయనది కాదు. ఈ సీటుతో మాత్రం మళ్ళీ ఎక్కించకండి."

మేనేజరు తెరమీది లెక్క మరోసారి చూశాడు. అల్లుడి కనీస వంతు ఇంకా పూర్తి కాలేదు. అతణ్ణి ఎక్కించకపోతే పొద్దున్నుంచి తిరిగినదంతా వృథా. తిమ్మిరి కాలుతో ఎక్కిస్తే ఆ మలుపు అవతల గోడ ఉంది.

"కోయండి" అన్నాడు. "కాలు సరిగ్గా లేదని రేడియోలో ఒక్క మాట వచ్చినా లోపలికి పిలిచేస్తాను. అతని రేసూ మన రేసూ అక్కడితో సరి. వచ్చే యేడు మాట కూడా మరిచిపోవాలి."

కోయడానికి కొలత కావాలి. కొలతకు అల్లుడు తనకు అలవాటైనట్టు కూర్చోవాలి. గారేజీ వెనక గదిలో కారు సీటులాంటిదే ఇంకొకటి, ఖాళీ డొల్ల, నేలమీద పడి ఉంది. తీరిక దొరికిన మెకానిక్కులు అందులో కూర్చునేవారు. సీట్లమ్మ అతణ్ణి అక్కడికి పిలిచింది.

"బాబూ, ఇందులో కారులో కూర్చున్నట్టు కూర్చోండి."

అతను కూర్చున్నాడు. నిటారుగా.

"అలా కాదు. ఇంట్లో కూర్చున్నట్టు."

అతను చెవులు ఎర్రబడగా, అర అంగుళం కిందికి జారి, మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లోనే ఉంచాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకే! నీ వల్లే ఇదంతా" అన్నాడతను.

"నా వల్లా? నేనేమన్నా నిన్ను కర్ర మింగమన్నానా?"

లాభం లేదని సీట్లమ్మకు తెలిసిపోయింది. నటించిన వాలకం మీద తీసిన కొలత మొదటిదానికన్నా అన్యాయం. "సరే, మీరు కాసేపు నడుం వాల్చండి. మాకు వేరే పని ఉంది" అని కూతుర్ని బయటికి లాక్కుపోయింది.

తెల్లవారకముందు లేచిన మనిషి, ఎండలో నడిపిన మనిషి. ఆమె మళ్ళీ తొంగిచూసేసరికి అతను ఆ డొల్లలోనే నిద్రపోతున్నాడు. కూతురు చెప్పినట్టే ఉన్నాడు: నడుము అంచుకు వచ్చి, వెన్ను విల్లులా వంగి, మెడ పైపట్టెకు ఆని, కాళ్ళు టైర్ల సందులోకి పోయి. సీట్లమ్మ టేపు తీసి, అతని పక్కన నేలమీద చతికిలబడింది. మోకాలి మడతనుంచి డొల్ల అంచుకు ఎంత ఎడం ఉందో చూసింది. నడుము కింద ఏర్పడిన ఖాళీలోకి ఫోము పట్టీలు ఒకటొకటిగా, ఆనీ ఆనకుండా తోసి ఎంత మందం పడుతుందో తెలుసుకుంది.

నీళ్ళసీసాతో వచ్చిన కూతురు గుమ్మంలో ఆగిపోయింది. "ఏంటే అమ్మా ఇది, మనిషి నిద్రపోతుంటే!"

"గట్టిగా అరవకు. లేచాడంటే మళ్ళీ అల్లుడైపోతాడు."

సుద్దతో గీత గీసి, పొడుగాటి కత్తితో అచ్చు ముందరి అంచు కోసేసింది. కోసేటప్పుడు ఆమె చెయ్యి ఆగలేదు. కోశాక మాత్రం ఆ ముక్కను కిందపడేయకుండా కొంతసేపు పట్టుకునే ఉంది. ఆ ముక్కనే నాటుపడవలా చెక్కి నడుము పల్లంలో పెడితే అతికినట్టు సరిపోయింది. జిగురు ఆరేంత వ్యవధి లేదు కనుక, మెకానిక్కుల దగ్గర గట్టి టేపు అడిగి తీసుకుని చుట్టింది. తొడుగును లాగి పొడుగు కుట్లు వేసింది. ఇంకెవరైనా వేసి ఉంటే తను విప్పించే రకం కుట్లవి.

అల్లుడు లేచి, నిద్రమొహంతో ఆమెను చూసి చటుక్కున నిటారుగా అయ్యాడు. అచ్చు చూశాడు. విషయం గ్రహించాడు.

"అత్తయ్యా, ఆ రోజు నేను..."

"మీరేం చెయ్యలేదు బాబూ. నేను ఎదురుగా నిలబడకుండా ఉండాల్సింది." ఆమె అచ్చును అతని చేతికి ఇచ్చింది. "ఒక్కటి చెబుతాను. కారెక్కాక కాలు సరిగ్గా లేకపోతే ఆ మేనేజరుగారితో చెప్పండి. నాకు చెప్పద్దు. నాకైతే బాగుందనే అంటారు."

అతను తలూపి, హెల్మెట్ పెట్టుకున్నాడు.

కారు వచ్చింది. పొడుగాయన కాళ్ళూ చేతులూ మడతలు విప్పుకుంటూ బయటికి వచ్చాడు. పెట్రోలు పోశారు. అల్లుడు అచ్చు పడేసి, అందులోకి దిగి, బెల్టులు బిగించుకుని వెళ్ళిపోయాడు. మొదటి కొన్ని చుట్లు అయ్యాక మేనేజరు ఆగలేక రేడియో నొక్కాడు.

"కాలెలా ఉంది?"

గరగరలాడుతూ జవాబు వచ్చింది. "ఉంది."

"ఉందిట!" అన్నాడు మేనేజరు గారేజీ అంతటికీ. మెకానిక్కులు ఘొల్లున నవ్వారు. కూతురు గోడ వదిలి వచ్చి తల్లి పక్కన పెట్టెమీద కూర్చుంది. అంకెలు తగ్గి, తగ్గినచోట నిలిచాయి. చుట్టు తరవాత చుట్టు ఇంచుమించు ఒకటే అంకె.

ఎండ పల్చబడ్డాక, ఆ పొడుగు దారి చివరి మలుపులోనే ముందు పోతున్న కారు గిర్రున తిరిగి అడ్డం పడింది. అల్లుడు బ్రేకు తొక్కి, దానికీ గడ్డికీ మధ్య ఉన్న సందులోంచి తప్పుకుపోయాడు. తెరమీద చూసినవాళ్ళు ఒక్కసారిగా కేకపెట్టారు. కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కేక ఎందుకో సీట్లమ్మకు తెలియడానికి కొంత సమయం పట్టింది. ఆమె అప్పుడు నేలమీది ఫోము ముక్కలు ఏరుతోంది.

చీకటి పడుతూండగా పందెం ముగిసింది. ఫలితాల్లో వాళ్ళ కారు పేరు, చివరినుంచి చదివితే తొందరగా దొరికే చోట ఉంది. కానీ ఉంది. అల్లుడు దిగి రెండు కాళ్ళమీదా నడిచి వచ్చాడు. అచ్చును తనే మోసుకొచ్చి పెట్టెమీద ఆనించాడు. మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి ఏవో టైర్ల సంగతులు మాట్లాడి వెళ్ళిపోతూ వెనక్కి తిరిగాడు. సీట్లమ్మ అప్పటికే అచ్చును గోనెసంచిలో దూర్చబోతోంది.

"అది ఎక్కడికి తీసుకెళుతున్నారమ్మా?"

"ఇంటికి. పని అయిపోయిందిగా."

"ఇక్కడే ఉంచండి. వచ్చే యేటి మొదటి పందెం ఇంకో ట్రాకులో ఉంది. అతనికి కావాలి గదా" అన్నాడు మేనేజరు, అదేదో ముందే అందరికీ తెలిసిన విషయమైనట్టు.

కూతురు భర్తకేసి చూసింది. అల్లుడు తన చేతి తొడుగులకేసి చూసుకున్నాడు. సీట్లమ్మ సంచిలోంచి అచ్చును వెనక్కి తీసింది.

"ఆ టేపు వేడికి ఊడుతుంది. కుట్లు మరీ అసహ్యంగా ఉన్నాయి. ఫోము ఇక్కడ ఉంచుతాను, తొడుగు మాత్రం తీసుకెళతాను" అని కత్తెర తీసి తన పొడుగు కుట్లను తనే విప్పింది. చెమటతో తడిసిన గుడ్డను తిరగేసి చూసింది. ఈసారి నడుము భాగం కూడా తడిసి ఉంది. మడిచి సంచిలో పెట్టుకుంది.

ఊళ్ళోకి వెళ్ళే ఆఖరి బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. తల్లీకూతుళ్ళు ఒక సీటులో కూర్చున్నారు. అల్లుడు వాళ్ళ పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోండి బాబూ."

"పర్లేదత్తయ్యా."

సీట్లమ్మ ఇంకోసారి అడగలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీవైపు తిరిగి, తల ఊచలకు ఆనించి కళ్ళు మూసుకుంది. కొంతదూరం పోయాక వెనక సీటు స్ప్రింగు కిర్రుమంది. ఆ తరవాత ఎవరి బూటుకాలో ఆమె సీటు కిందినుంచి ముందుకు చాచుకొచ్చింది. ఆమె కళ్ళు తెరవలేదు.